నాలుగు 12 వోల్ట్ లిథియం బ్యాటరీలు సిరీస్‌లో: పగలు 03 ఎర్రర్, తెల్లవారుజామున చీకటి

మేడమీద_సోలార్
మాది నల్గొండ దగ్గర పల్లె. డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 48 వోల్ట్ హైబ్రిడ్ ఇన్వర్టర్, 12.8 వోల్ట్ 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో ఉన్నాయి. ఏడాదిన్నర ఏ గొడవా లేదు. మొన్న ఒక బ్యాటరీ చచ్చిపోతే వారంటీలో కొత్తది ఇచ్చారు. అది బిగించిన మర్నాటి నుంచి మొదలైంది తద్దినం. పొద్దున పదకొండు కాకముందే ఇన్వర్టర్ కూతపెట్టి 03 అని చూపిస్తుంది, ఇల్లంతా ఆగిపోతుంది. పైన ఎండ దంచుతుంటే కింద ఫ్యాన్ తిరగదు. రాత్రి మూడింటికి మళ్లీ పోతుంది. అప్పటికి డిస్‌ప్లేలో బ్యాటరీ సగం ఉన్నట్టే ఉంటుంది. షాపతను కొత్త బ్యాటరీకి మీటర్ పెట్టి '13.2 ఉంది, బ్రహ్మాండం' అని వెళ్లిపోయాడు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర లేదు. ఇది పాడైన బ్యాటరీయా, ఇన్వర్టర్ తప్పా?

వోల్టుమీటర్
ఆ రకం ఇన్వర్టర్లలో 03 అంటే బ్యాటరీ వోల్టేజీ ఎక్కువైందని. అది నిజమే చెబుతోంది. రేపు పదిన్నరకు మీటర్ పట్టుకుని కూర్చుని, ట్రిప్ అయ్యే ముందు నాలుగు బ్యాటరీల వోల్టేజీ విడివిడిగా రాసుకోండి. మొత్తం వోల్టేజీ వద్దు, దాంతో ఏమీ తేలదు. రాత్రి పోయే ముందు కూడా ఒకసారి చూడండి.

రిటైర్డ్_లైన్‌మన్
పాతవాటితో కొత్తది కలపడమే తప్పు. ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీల రోజుల నుంచీ చెబుతున్న మాట. నాలుగూ మార్చమనండి. కుదరదంటే ఒకరోజు ఈక్వలైజ్ ఛార్జింగ్ ఆన్ చేసి 60 వోల్టుల దాకా పోనివ్వండి, అన్నీ ఒక దారికొస్తాయి.

బీఎంఎస్_బాబాయ్
ఆ రెండో మాట మాత్రం ఎవరూ చేయకండి, దండం పెడతా. లెడ్ యాసిడ్‌లో నిండిన బ్యాటరీ అదనపు కరెంటుని గ్యాస్ కింద వదిలేస్తుంది, ఈలోపు వెనకబడింది నిండుతుంది. అందుకే అక్కడ ఈక్వలైజ్ పనిచేస్తుంది. లిథియంలో అలాంటి దారి లేదు. ఒక్కో బ్యాటరీలో నాలుగు సెల్స్ ఉంటాయి, ఏ సెల్ 3.65 వోల్టులు దాటినా బీఎంఎస్ (బ్యాటరీ లోపలి కాపలా బోర్డు) తలుపేస్తుంది. వెయ్యలేకపోతే సెల్ ఉబ్బుతుంది. విజయవాడలో ఈ-ఆటోల బ్యాటరీలు రిపేరు చేస్తాను, ఉబ్బిన సెల్స్ వారానికి రెండు మూడు చూస్తుంటా. ఇన్వర్టర్‌లో 30వ నంబర్ సెట్టింగ్ ఈక్వలైజేషన్ అయితే వెంటనే ఆఫ్ చేయండి.

పదహారు_సెల్స్
నాలుగు డబ్బాలు కొన్నప్పుడే కథ అయిపోయింది. ఒక్కో డబ్బాలో ఒక్కో బీఎంఎస్, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. 3.2 వోల్ట్ సెల్స్ పదహారు, ఒకే బీఎంఎస్, యాప్‌లో ప్రతి సెల్ కనిపిస్తుంది. నేను అలా కట్టుకుని హాయిగా ఉన్నా.

చీకటిరాత్రి
వచ్చాడండీ! 'మా ఇంట్లో దోమలు' అని పోస్ట్ పెట్టినా ఈయన పదహారు సెల్సే చెబుతాడు.

మేడమీద_సోలార్
రాశాను. పొద్దున 10:50కి ఒకటోది 14.31, రెండోది 14.38, మూడోది 14.52, కొత్తది (నాలుగోది) 13.42. మూడోది చూస్తుండగానే ఇన్వర్టర్ అరిచింది.
రాత్రి 2:55కి: 13.02, 13.04, 13.01, నాలుగోది 11.18. రెండు నిమిషాల్లో పోయింది.
అంటే కొత్తదే పాడైందిగా? షాపు మీద కేసు వేస్తా.

వోల్టుమీటర్
కేసు ఆపండి. నాలుగూ బాగానే ఉన్నాయి. పగలు మొత్తం కలిపితే 56.63, ఇన్వర్టర్ దృష్టిలో అంతా మామూలే. కానీ మూడోది నిండింది, దాని బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేసింది. సిరీస్‌లో ఒకటి తెగితే మొత్తం తెగినట్టే. ప్యానెళ్ల నుంచి వస్తున్న కరెంటుకి పోయే చోటు లేక వోల్టేజీ ఎగిరింది, అందుకే 03. రాత్రి 50.25, అంటే ఇన్వర్టర్‌కి ఇంకా బోలెడు ఉన్నట్టు. నాలుగోది ఖాళీ అయి దాని బీఎంఎస్ కట్ చేసింది. రెండు చోట్లా జబ్బు ఒకటే.

ఎర్రమట్టి
ఇంకొంచెం అర్థమయ్యేలా చెప్తా. నాలుగు బిందెలున్నాయి. నాలుగింటిలోనూ ఒకేసారి ఒక్కో చెంబు పోయాలి, తీసేటప్పుడు కూడా ఒక్కో చెంబే తీయాలి. సిరీస్ రూలు ఇదే. మూడు బిందెలు ముందే సగానికి పైన ఉన్నాయి, నాలుగోది అడుగున. మూడూ నిండగానే పోయడం ఆపాలి, అప్పటికి నాలుగోది సగమే. రాత్రి తోడుతుంటే అది ముందు అడుగంటుతుంది, మిగతా మూడింటిలో నీళ్లున్నా తోడడానికి లేదు. ఎన్నాళ్లు పోసినా ఆ తేడా అలాగే ఉంటుంది.

చీకటిరాత్రి
మా ఇంట్లో నలుగురు తోడికోడళ్లు నీళ్లు మోసినప్పుడు ఇదే పంచాయితీ. బీఎంఎస్ మా అత్త.

మేడమీద_సోలార్
కొత్త బ్యాటరీ నిండుగా రావాలి కదా? 13.2 ఉందన్నాడుగా.

బీఎంఎస్_బాబాయ్
రాదు. నిల్వకీ రవాణాకీ సగం, అంతకంటే తక్కువ ఛార్జిలోనే పంపుతారు, నిండుగా ఉంచితే సెల్ తొందరగా ముసలిదవుతుంది. ఇక 13.2 అనేది ఈ రసాయనంలో ఏమీ చెప్పని అంకె. ముప్పై శాతం ఉన్నా దాదాపు అంతే, డెబ్బై ఉన్నా దాదాపు అంతే. మధ్యలో గీత నేల మీద చాప పరిచినట్టు ఉంటుంది. పైకొచ్చాక సెల్ 3.4 దాటితేనే తేడాలు బయటపడతాయి. షాపతను అబద్ధం చెప్పలేదు, చూడాల్సిన చోట చూడలేదు అంతే. బిగించే ముందు నాలుగింటినీ విడిగా నింపి కలిపితే ఈ గొడవే ఉండేది కాదు.

కొత్తగా_వచ్చా
నాకు 24 వోల్ట్, రెండే బ్యాటరీలు. బీఎంఎస్‌లో బ్యాలెన్సింగ్ ఉందని డబ్బా మీద రాశారు. అది సరిచేయదా?

వోల్టుమీటర్
అది తన డబ్బాలోని నాలుగు సెల్స్‌ని మాత్రమే చూసుకుంటుంది. పైగా మామూలు బీఎంఎస్‌ల బ్యాలెన్సింగ్ చిన్న రెసిస్టర్లతో నిండిన సెల్‌ని కొంచెం కొంచెం కరిగించడమే, 50 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. అదీ పై వోల్టేజీలో ఉన్నంతసేపే. రోజుకు గంట ఉందనుకున్నా 0.05 ఏహెచ్. ఈయన బ్యాటరీల తేడా 40 ఏహెచ్ పైనే అనిపిస్తోంది. 40ని 0.05తో భాగించండి. 800 రోజులు.

చీకటిరాత్రి
అప్పటికి వారంటీ కూడా అయిపోతుంది. ఏం ప్లానింగ్!

గోదారిగట్టు
నాదీ ఇదే 48 వోల్ట్ సెట్, రాజమండ్రిలో. బయట తగిలించే బ్యాటరీ ఈక్వలైజర్ కొన్నా. అరచేతంత డబ్బా, నాలుగు బ్యాటరీలకీ వైర్లు. ఎక్కువున్న దాన్నుంచి తీసి తక్కువున్న దానికి పోస్తుంది. రెండేళ్లుగా ఇబ్బంది లేదు. అదొకటి కొని పడేయండి, మీటర్లూ లెక్కలూ ఎందుకు?

వోల్టుమీటర్
ఈక్వలైజర్ మంచిదే, కానీ వోల్టేజీ తేడాని బట్టే కరెంటు నడుపుతుంది. మధ్యలో అన్నీ 13.2 దగ్గర ఉన్నప్పుడు దానికి పని లేదు. పైకి వచ్చాకే కదులుతుంది, ఆ సమయం రోజుకు కొంచెమే. చిన్న తేడాలు పెరగకుండా కాపాడటానికి సరిపోతుంది. 40 ఏహెచ్ గుంత పూడ్చడానికి ఒక్కసారి చేత్తో చేయాల్సిందే. మందు వేరు, పథ్యం వేరు.

గోదారిగట్టు
ఒప్పుకుంటా. నేను బిగించేటప్పుడు నాలుగూ కొత్తవే, తేడా లేదు. ఇంకో మాట, ఆ సన్న వైర్ల స్క్రూలు గట్టిగా బిగించండి. నాకు ఒకటి వదులై వారం రోజులు ఒక బ్యాటరీనే పిండేసింది, చేయి పెడితే టెర్మినల్ వెచ్చగా ఉంటే అప్పుడు తెలిసింది.

రిటైర్డ్_లైన్‌మన్
అంత తిప్పలెందుకు, నాలుగూ విప్పి పారలల్‌లో కలిపి రాత్రంతా వదిలేస్తే సమానం కావూ?

ఎర్రమట్టి
నేనూ అలాగే అనుకుని మూడు రోజులు పెట్టా సార్. ఏం మారలేదు. అన్నీ 13.2 దగ్గర ఉంటే వాటి మధ్య కరెంటే నడవదు. పారలల్‌లో పెట్టి పైనుంచి ఛార్జర్ కూడా పెట్టి 14.4కి తీసుకెళ్తేనే ఫలితం. నిండింది ఒకటి, ఖాళీది ఒకటి నేరుగా కలిపితే మాత్రం టప్‌మని నిప్పురవ్వ వస్తుంది, అనుభవం.

బీఎంఎస్_బాబాయ్
మేడమీద సోలార్ గారూ, ఇలా చేయండి. పగలు ట్రిప్ అయిన వెంటనే మొదలుపెట్టండి, అప్పుడు మూడూ దాదాపు నిండి ఉంటాయి. ముందు ప్యానెళ్ల డీసీ బ్రేకర్ దించాలి, తర్వాత ఇన్వర్టర్, ఆ తర్వాతే బ్యాటరీ బ్రేకర్. ప్యానెళ్లు ఆన్‌లో ఉండగా బ్యాటరీ తీయకూడదు, మీ ఇన్వర్టర్ ఇప్పటికే రోజూ ఆ దెబ్బ తింటోంది. తర్వాత బ్యాటరీల మధ్య లింకులు తీసేయండి. లిథియం ఫాస్ఫేట్‌కి తగిన 14.6 వోల్ట్ 10 ఆంపియర్ ఛార్జర్ ఏ ఈ-స్కూటర్ బ్యాటరీ షాపులోనైనా అడగండి, అద్దెకిస్తారు. ముందు నాలుగోది నింపండి, తర్వాత మిగతా మూడూ ఒక్కొక్కటి. ట్యూబులర్ ఛార్జర్ తెచ్చి పెట్టకండి, కొన్నిటిలో డీసల్ఫేషన్ పల్స్ (లెడ్ యాసిడ్ ప్లేట్ల పొర వదిలించడానికి ఇచ్చే వోల్టేజీ కుదుపు) ఉంటుంది.
చేతి ఉంగరం, వాచీ తీసేయండి. 13 నంబర్ స్పానర్‌కి నోరు వదిలి మిగతాదంతా ఇన్సులేషన్ టేపు చుట్టండి. మా దగ్గర పనిచేసే కుర్రాడి స్పానర్ ఒకసారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. అతుక్కుపోయింది, ఎర్రగా కాలింది. కట్టెతో కొట్టి ఊడదీశాం. ఆ స్పానర్ ఇప్పటికీ షాపులో గోడకు వేలాడదీసి ఉంచా, కొత్తగా చేరినవాళ్లకి చూపించడానికి.

వోల్టుమీటర్
ఇంకోటి. బ్యాటరీ లేబుల్ మీద సిరీస్‌లో గరిష్ఠంగా ఎన్ని అని ఉంటుంది, చూడండి. సాధారణంగా నాలుగు. కొన్నిటికి సిరీసే వద్దని ఉంటుంది. బీఎంఎస్ తెగినప్పుడు మొత్తం స్ట్రింగ్ (సిరీస్‌లో ఉన్న నాలుగూ కలిపి) వోల్టేజీ దాని మాస్‌ఫెట్ల మీద, అంటే కరెంటుని ఆపే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌ల మీద పడుతుంది. 12 వోల్టులకే చేసిన మాస్‌ఫెట్లయితే ఒకరోజు కాలిపోతాయి. మీ మొదటి బ్యాటరీ చావడానికి ఇదీ కారణం కావచ్చు.

మేడమీద_సోలార్
నాలుగు దాకా అని ఉంది, బతికిపోయా. ఛార్జర్ దొరికింది, రోజుకు 150 అద్దె. ఆదివారం చేస్తా.

అమీర్‌పేట_బ్యాచిలర్
మధ్యలో అడ్డొస్తున్నా, ఇంత తలనొప్పి ఎందుకు? పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుంది. ఆన్‌గ్రిడ్ (నేరుగా కరెంటు లైనుకే కలిపేది) పెట్టుకుంటే బ్యాటరీయే అక్కర్లేదు కదా.

రిటైర్డ్_లైన్‌మన్
ఇది మాత్రం నా సబ్జెక్టు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, ఆగి తీరాలి. లేకపోతే స్తంభం ఎక్కినవాడికి నీ ఇంటి కరెంటు కొడుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీ ఉండాల్సిందే. మీ అమీర్‌పేటలో పోదేమో, పల్లెలో గాలి వీస్తే చాలు పోతుంది.

అమీర్‌పేట_బ్యాచిలర్
సరే సార్, వెనక్కి తగ్గా.

మేడమీద_సోలార్
అయిపోయింది. నాలుగోదాన్ని 9:10కి పెడితే 1:40కి ఛార్జర్ మీద పచ్చ లైటు వెలిగింది. మిగతా మూడూ ఒక్కొక్కటి పావుగంట కూడా తీసుకోలేదు. తిరిగి సిరీస్‌లో బిగించా. రాత్రంతా కరెంటు ఉంది!! ఇంట్లో పొద్దున్నే పాయసం.

వోల్టుమీటర్
10 ఆంపియర్లు, నాలుగున్నర గంటలు. 45 ఏహెచ్. 51.2తో గుణిస్తే 2.3 యూనిట్లు. మీ ఇంట్లో రోజూ రాత్రి మాయమైన కరెంటు అదే.
ఇప్పుడు సెట్టింగులు. బ్యాటరీ రకం యూజర్ డిఫైన్డ్‌లో పెట్టండి. బల్క్ (నింపే వోల్టేజీ) 55.2, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 54.0, ఈక్వలైజేషన్ ఆఫ్.

పదహారు_సెల్స్
55.2 అంటే సెల్‌కు 3.45. అంత తక్కువైతే ఎలా నిండుతుంది? డబ్బా మీద 14.6 అని రాశారుగా, 58.4 పెట్టాలి.

వోల్టుమీటర్
14.6 గరిష్ఠం, రోజూ అక్కడికి వెళ్లక్కర్లేదు. 3.45 దగ్గర కాసేపు నిలబెడితే దాదాపు నిండినట్టే. 58.4 పెడితే ఏదో ఒక సెల్ కాస్త ముందున్నా బీఎంఎస్ తెగుతుంది, మళ్లీ 03. ఈయన మూడో బ్యాటరీ 14.52కే తెగింది గుర్తుందా? లోపల ఒక సెల్ ముందుంది. నెమ్మదిగా నింపి పైన ఎక్కువసేపు ఉంచితే దాని సొంత బీఎంఎస్ సర్దుకుంటుంది.

పదహారు_సెల్స్
నేను 3.5 పెడతా. సెల్స్ కనిపిస్తున్నాయి కాబట్టి ధైర్యం.

బీఎంఎస్_బాబాయ్
ఎవరి ధైర్యం వారిది. కనిపించనివాళ్లు 3.45లో ఉండండి. ఛార్జింగ్ కరెంటు కూడా 30 ఆంపియర్లకి తగ్గించండి, ముఖ్యంగా బ్యాటరీలు రేకుల గదిలో ఉంటే. రోహిణి కార్తెలో ఆ గదిలో మనిషే నిలబడలేడు.

మేడమీద_సోలార్
మళ్లీ మొదలైంది. 😭 ఐదు రోజులు కూడా కాలేదు. 03 రావట్లేదు కానీ రాత్రి రెండున్నరకు పోయింది. పగలు రీడింగ్: 13.92, 13.94, 13.96, నాలుగోది 13.38. ఇప్పుడైనా ఒప్పుకుంటారా, కొత్త బ్యాటరీ పాడైందని?

గోదారిగట్టు
ఈక్వలైజర్ కొనమన్నా. వినలేదు.

వోల్టుమీటర్
ఐదు రోజుల్లో ఇంత తేడా దానంతటదే రాదు. ఈ రకం బ్యాటరీ ఊరికే ఉంటే నెలకు రెండు మూడు శాతం తగ్గుతుంది, అంతే. ఎవరో దాన్నుంచి తాగుతున్నారు. నాలుగో బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఎక్కడికైనా తీశారా? సీసీ కెమెరా, లైటు, ఏదైనా?

మేడమీద_సోలార్
లేదండీ, నేనేమీ తీయలేదు.

మేడమీద_సోలార్
...పైకి వెళ్లి చూసొచ్చా. ఆదివారం ఇన్వర్టర్ ఆపాను కదా, మావాడికి వైఫై పోయిందట. నాలుగో బ్యాటరీకి రెండు క్లిప్పులు పెట్టి రూటర్ తిప్పుకున్నాడు. సాయంత్రం తీయడం మర్చిపోయాడు. వైరు కిటికీలోంచి వెళ్లి పరదా వెనక ఉంది. అడిగితే 'ఆగకుండా వస్తోందని వదిలేశా నాన్నా' అంటున్నాడు.

చీకటిరాత్రి
ఊరంతా చీకటైనా అబ్బాయి ఆన్‌లైన్. ఈ ఇంట్లో బ్యాలెన్సింగ్ తెలిసినవాడు వాడొక్కడే.

వోల్టుమీటర్
రూటర్ 6 వాట్లు అనుకుంటే అర ఆంపియర్ కంటే కొంచెం తక్కువ. రోజుకు 11 ఏహెచ్. ఐదు రోజులకు 55. లెక్క సరిపోయింది. మిగతా మూడింటికి ఆ భారం లేదు. సిరీస్‌లో ఉన్న ఒక్క బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఏమీ తీయకూడదు. ఈక్వలైజర్ ఉన్నా దీన్ని దాచిపెట్టేది, ఆపేది కాదు.

గోదారిగట్టు
ఈసారికి మాట వెనక్కి తీసుకుంటున్నా.

బీఎంఎస్_బాబాయ్
రూటర్ కావాలంటే 48 నుంచి 12కి దించే డీసీ కన్వర్టర్ దొరుకుతుంది. దాన్ని మొత్తం స్ట్రింగ్ రెండు చివర్లకీ పెట్టండి, చిన్న ఫ్యూజు వేసి. అప్పుడు నాలుగూ సమానంగా మోస్తాయి. నేరుగా పెడితే రూటర్‌కి ఛార్జింగ్ టైములో 14 దాకా వెళ్లేది, అది బతికి ఉండటం మీ అబ్బాయి అదృష్టం.

మేడమీద_సోలార్
మళ్లీ ఛార్జర్ అద్దెకు తెచ్చా. షాపతను నవ్వాడు. ఈసారి ఐదున్నర గంటలు పట్టింది. కన్వర్టర్ పెట్టి పది రోజులైంది, పొద్దున పన్నెండుకు రీడింగ్: 13.79, 13.81, 13.83, 13.80. రాత్రి పోవడం లేదు. క్లిప్పులు నా బీరువాలో ఉన్నాయి.

రిటైర్డ్_లైన్‌మన్
అంటే కొత్తదీ పాతవీ కలపొచ్చంటారు.

వోల్టుమీటర్
ఏడాదిన్నర తేడాకి, ఒకే కంపెనీ ఒకే సైజు అయితే పర్వాలేదు సార్. పాతవాటి కెపాసిటీ కాస్త తగ్గి ఉంటుంది, ఆ మేరకే వాడుకోవాలి. ట్యూబులర్‌లో మీరు చెప్పిందే కరెక్టు.

రిటైర్డ్_లైన్‌మన్
అది చాలు నాకు.

కొత్తగా_వచ్చా
ఆగండి ఆగండి. నా 24 వోల్ట్ సెట్‌లో కింది బ్యాటరీ నుంచి మెట్ల దగ్గర లైటుకి వైరు లాగి ఏడాదైంది. ఇప్పుడే మీటర్ పట్టుకుని పైకి వెళ్తున్నా.